చేజర్ల ప్రాంతపు వాననీటి కాలువలు

ఇళ్ల మీద, వీధుల్లో, ఖాళీ జాగాల్లో పడిన వానను ఊరు దాటించి వాగులోనో చెరువులోనో కలిపేది వాననీటి కాలువ. నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. రోడ్డు పక్కన ఉంటుంది కనుక సైడు కాలువ అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేది వంటింటి నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కనుక మురుగు కాలువ అనీ అంటారు. రెండు పేర్లూ నిజమే. వాన కోసం కట్టిన కాలువలో మురుగు కాపురం పెట్టింది. మురుగుకు సరిపోయేంత కాలువలోకి వాన వచ్చి పడుతోంది. చిన్న ఊళ్ల వానాకాలపు కష్టాల్లో సగం ఈ ఇరుకు కాపురం తెచ్చిపెట్టినవే.

ఇక్కడ చేజర్ల అంటే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఆత్మకూరు రెవెన్యూ డివిజనులోని మండల కేంద్రం. కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల వేరు. అది పల్నాడులో, నకరికల్లు మండలంలో ఉంది. పేరు చూసి పొరబడడం మామూలే. ఈ చేజర్లది పెన్న ఒడ్డు మండలం. ఎగువన సోమశిల జలాశయం, దిగువన సంగం బ్యారేజీ. ఉత్తరాన ఆత్మకూరు పట్టణం, అక్కడి నుంచి వాయవ్యంగా పోతే వెలిగొండల దాపున ఉదయగిరి. కొండల మీద పడిన వాన వాగుల్లో దిగాలి, దారిలో చెరువులు నింపాలి, మిగిలింది పెన్నలో కలవాలి. ఈ నేల వాలు చెప్పేది ఇదే. ఊరి కాలువ కూడా ఆ దారిలో ఒక చిన్న మెట్టు. దాన్ని విడిగా చూస్తే అర్థం కాదు.

వాన ఎప్పుడు పడుతుంది

తెలుగు నేలలో చాలా చోట్ల వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరు లెక్క వేరు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. అదీ సన్నగా రోజూ పడదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే మూడు రోజుల్లో నెల వాన పడిపోతుంది, తర్వాత పది రోజులు ఎండ కాస్తుంది. సముద్రానికి దగ్గరైన మండలాలతో పోలిస్తే ఉదయగిరి వైపు మొత్తం వాన తక్కువ. అయినా పడినప్పుడు కొండ వాలు మీద పడుతుంది, అందుకే వాగు గంటల్లో పొంగి గంటల్లో తీస్తుంది. పొద్దున చప్టా మీద మోకాటి లోతు నీళ్లతో బస్సు ఆగిపోయిన వాగులోనే మధ్యాహ్నానికి పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు.

కాలువల పూడికతీతకు ఈ క్యాలెండరు చాలా ముఖ్యం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద కాలువల పూడిక ఏటా మార్చి 31 లోపు తీసేయాలని అందులో ఉంది. జూన్‌లో తడిసే ముంబయికి, హైదరాబాదుకు అది సరిపోతుంది. 2005 జూలై 26న ముంబయిలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసిన అనుభవం ఆ మార్గదర్శకాల వెనక ఉంది. నెల్లూరు జిల్లాలో మార్చిలో శుభ్రం చేసిన కాలువకు అసలు పరీక్ష ఆరేడు నెలల తర్వాత వస్తుంది. ఈలోపు వేసవి గాలికి రేగిన ఎర్రదుమ్ము, ఇళ్లు కట్టేవాళ్లు రోడ్డు మీద పోసిన ఇసుక, ఆగస్టు జల్లులకు జారిన గట్టు మట్టి అన్నీ అందులోకే చేరతాయి. నవంబరు తుపాను వచ్చేసరికి కాలువ మళ్లీ నిండే ఉంటుంది. మార్చి పని రికార్డులో పూర్తయింది, నేల మీద చెరిగిపోయింది. ఈ జిల్లాకు సెప్టెంబరులో రెండో విడత తప్పదు. డబ్బు ఒక్కసారికే ఉందంటే మార్చిని వదులుకోవాలి గానీ సెప్టెంబరును వదులుకోకూడదు.

చెరువుల గొలుసు

ఈ ప్రాంతంలో వాననీటిని నిభాయించే ఏర్పాటు సిమెంటు కాలువలతో మొదలు కాలేదు. ఒక చెరువు నిండితే కలుజు మీదుగా పొర్లిన నీళ్లు దిగువ చెరువుకు పోతాయి, అక్కడి నుంచి మరో చెరువుకు. మిగతా జిల్లాల్లో అలుగు, మత్తడి, మొరవ అనేదాన్ని నెల్లూరువాళ్లు కలుజు అంటారు. ఊరు సాధారణంగా కట్ట కిందనో, పక్కన మెరక మీదనో ఉంటుంది. ఊరి వీధుల నీళ్లు ఏ చెరువుకు పోవాలో, ఏ పంటకాలువలో పడాలో పెద్దవాళ్లకు తెలుసు. గట్టు మీద నడిచి చూపించగలరు.

ఆ తెలివికి రాతి సాక్ష్యం ఒకటుంది, దానికీ ఉదయగిరికీ నేరుగా సంబంధం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యాన్ని ఏలుతూ, వెలిగొండలకు అవతల, ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ సంగతి చెబుతుంది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. కట్టించినవాళ్లు పుణ్యం చెప్పుకుని ఊరుకోలేదు. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని, 6 దోషాలు ఉండకూడదని రాయించారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, కట్టడం తెలిసిన పనివాళ్లు ఉండాలి అని అంగాల్లో ఉంది. దోషాల్లో కట్ట ఊటెత్తడం ఒకటి, చవుటి నేల ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం ఒకటి. చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండడం కూడా దోషమే. చివరి రెండూ ఒకదాన్ని ఒకటి చూసి నవ్వుకునేలా ఉంటాయి: నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

ఆరు దోషాల్లో సరిహద్దు దోషం ఇవాళ్టి సైడు కాలువలకు అచ్చంగా సరిపోతుంది. ఊళ్లో కాలువ పంచాయతీది. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు, దాని పక్క కాలువ చాలాచోట్ల రోడ్లు భవనాల శాఖవి. కాలువ పడే చెరువో పంటకాలువో జలవనరుల శాఖ చూడాలి. దారిలో ఉన్న పోరంబోకు రెవెన్యూవాళ్లది. నాలుగు రాజ్యాల సరిహద్దున ఉన్న కాలువలో చెత్త ఎవరిదో తేలేసరికి వాన వెలుస్తుంది.

పెన్న పూడ్చిన గుడి

పూడిక అంటే ఏమిటో ఈ మండలంలో ఎవరికీ వివరించనక్కరలేదు. చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర పెన్న ఒడ్డున ఇసుక మేటల కింద ఒక గుడి ఉందని ఊళ్లో తరతరాలుగా చెప్పుకునేవారు. 2020 జూన్‌లో ఊరి కుర్రాళ్లు పూనుకుని ఇసుక తవ్వించారు. మొదట గోపురం పైభాగం కనిపించింది, తర్వాత గోడలు. అది నాగేశ్వరస్వామి ఆలయం. పరశురాముడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. పెన్న దారి మార్చుకోవడం కొత్త కాదని, 1850 ప్రాంతపు వరదల తర్వాత గుడి క్రమంగా ఇసుకలో కూరుకుపోయి ఉండొచ్చని పురావస్తు అధికారులు అప్పట్లో అన్నారు.

నది ఒక గుడిని మింగిన పద్ధతిలోనే సైడు కాలువ తనను తాను మింగుతుంది. నీరు జోరుగా పారినంత సేపూ ఇసుకను మోస్తుంది. జోరు తగ్గగానే దించేస్తుంది. ముందు గులకరాయి, తర్వాత దొడ్డు ఇసుక, ఆ తర్వాత సన్నది. బంకమట్టి మాత్రం నీళ్లలోనే తేలుతూ చెరువు దాకా పోతుంది. అందుకే కాలువ ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ వాలు చచ్చిందో, ఎక్కడ కల్వర్టు గొంతు ఇరుకైందో అక్కడే దిబ్బ పడుతుంది. దిబ్బ పడితే జోరు ఇంకా తగ్గుతుంది, జోరు తగ్గితే ఇంకా దిబ్బ. పెన్నకు దశాబ్దాలు పట్టిన పని సైడు కాలువకు రెండు వానాకాలాలు.

లెక్క ఒకటి

ఎకరం నేల మీద 5 సెంటీమీటర్ల వాన పడితే అది సుమారు 2 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై. తోట అయితే అందులో ఎక్కువ భాగం నేల తాగేస్తుంది. అదే ఎకరం మీద మిద్దెలు, సిమెంటు రోడ్లు, బండలు పరిచిన వాకిళ్లు ఉంటే నూటికి ఎనభై వంతులు కాలువ మీద పడుతుంది. వాన గంటలో పడిందనుకుంటే సెకనుకు 45 లీటర్లు.

60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న సిమెంటు కాలువ, 300 మీటర్లకు ఒక మీటరు వాలు ఉంటే, నిండుగా పారినప్పుడు సెకనుకు సుమారు 475 లీటర్లు మోయగలదు. అంటే పదెకరాల ఊరికి సరిపోతుంది. ఇప్పుడు అడుగున 20 సెంటీమీటర్ల పూడిక చేరిందనుకోండి. లోతులో మూడో వంతు పోయింది కనుక మూడో వంతే తగ్గుతుందనిపిస్తుంది. నిజానికి నలభై శాతం పోతుంది. కాలువ ఇరుకైన కొద్దీ నీటికి గోడల రాపిడి పెరుగుతుంది, వేగం కూడా పడిపోతుంది. ఐరిష్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రంతోనే ఇప్పటికీ ఈ లెక్క కడతారు. పదెకరాల కాలువ ఆరెకరాల కాలువ అయింది. మిగతా నాలుగెకరాల నీళ్లు వీధిలో నిలబడతాయి. గోడలు అలాగే ఉంటాయి కనుక పైకి చూస్తే కాలువ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

వాలు సంగతీ అంతే. నీటి వేగం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గితే మట్టి అడుగుకు దిగిపోతుంది. ఊళ్లలో కాలువ కట్టేటప్పుడు వాలు తీయాల్సింది లెవెల్ యంత్రంతో. చాలాచోట్ల రోడ్డు ఎలా పోతే కాలువ అలా పోతుంది. రోడ్డు మెరకెక్కితే కాలువా మెరకెక్కుతుంది. ఎదురెక్కమని నీటికి చెప్పలేం కదా!

సిమెంటు రోడ్ల గురించి ఒక మాట. పాత రోడ్డును పెకలించకుండా దాని మీదే కొత్తది పోసినప్పుడల్లా వీధి జానెడు లేస్తుంది. రెండు మూడు విడతల తర్వాత పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోతాయి. అప్పుడు వాన కాలువ కంటే ముందు ఇంట్లోకి వస్తుంది. ఇంటివాళ్లు వాకిట్లో ఎత్తుగా ర్యాంపు కడతారు. ర్యాంపు కాలువను కప్పేస్తుంది. కింద పూడిక తీయడానికి పార దూరదు. ఒక్కొక్క ఇంటిదీ న్యాయమైన అవసరమే, అన్నీ కలిస్తే కాలువకు ఊపిరాడదు. ర్యాంపు కట్టక తప్పదు గానీ, పైన వేసేవి ఇద్దరు మనుషులు ఎత్తగలిగే విడి పలకలైతే చాలు, తగాదా సగం తీరుతుంది.

తోక లేని కాలువ

ఊరి కాలువ ఎలా ఉందో చూడాలంటే బస్టాండు దగ్గర చూస్తే లాభం లేదు. దాని తోక దగ్గరికి పోవాలి. కాలువకు తల ఎక్కడైనా ఉండొచ్చు, తోక మాత్రం వాగులోనో చెరువులోనో తేలాలి. చిన్న ఊళ్లలో కాలువ పనులు వంద మీటర్లు, రెండు వందల మీటర్ల ముక్కలుగా మంజూరవుతాయి. డబ్బు ఎక్కడ అయిపోతే కాలువ అక్కడ ఆగుతుంది. అక్కడి నుంచి నీళ్లు ఎవరి దొడ్లోకో, ఎవరి చేలోకో పోతాయి. చేను గలాయన నాలుగు తట్టల మట్టి అడ్డం వేస్తాడు, ఆయన్ను తప్పుపట్టలేం. అప్పటి నుంచి అది కాలువ కాదు, పొడుగాటి గుంట.

తోక ఉండడం చాలదు, అది తెరుచుకునీ ఉండాలి. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు, కడప జిల్లా వాన నీళ్లు కలిసి సోమశిలకు చేరాయి. 78 టీఎంసీల సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా పెన్నలోకి వదలాల్సి వచ్చింది. నది ఒడ్డు ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. దిగువన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, 16వ నంబరు జాతీయ రహదారికి గండి పడింది. అలాంటి రోజున నది మట్టం కాలువ తోక కంటే పైన ఉంటుంది. ఊరి నీళ్లు బయటికి పోవాల్సిన కన్నం గుండానే నది నీళ్లు లోపలికి ఎదురొస్తాయి. తోక దగ్గర బయటికి మాత్రమే తెరుచుకునే ఇనుప తలుపు బిగిస్తే ఆ ఎదురు ఆగుతుంది. అయితే తలుపు సందులో ఒక కొబ్బరిమట్ట ఇరుక్కున్నా అది మూసుకోదు. యంత్రం పెట్టినా దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్ నగర్‌ను బుడమేరు ముంచినప్పుడూ జనం ఎక్కువ రోజులు నీళ్లలో ఉండిపోయింది వాన ఆగక కాదు, వచ్చిన నీరు పోయే దారి లేక.

పూడిక తీసే పని

పని తెలిసిన మేస్త్రీ తోక దగ్గర మొదలుపెట్టి తలవైపు వస్తాడు. కింద దారి తెరుచుకుంటే పై నీళ్లు తమంతట తామే దిగుతాయి, పనివాళ్లు మోకాటి లోతు బురదలో నిలబడనక్కరలేదు. తొందర పనుల్లో దీన్ని తిరగేస్తారు. ఎమ్మార్వో ఆఫీసు ముందు, మెయిన్ బజారులో మొదలుపెట్టి, తోక దాకా రాకముందే కూలి డబ్బులు అయిపోతాయి. పైన కదిపిన బురద దిగువన పోగై పాత దిబ్బ మీద కొత్త దిబ్బ అవుతుంది.

కాలువలోంచి బయటికొచ్చే సరుకు చూస్తే ఊరి బతుకు తెలుస్తుంది. పైన తేలేవి షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు, నీళ్ల ప్యాకెట్లు, టీ కప్పులు. కాస్త లోతున హోటళ్ల దగ్గర తెల్లగా గడ్డకట్టిన నూనె, కోడిమాంసం కొట్ల దగ్గర ఈకలు. వాటి కింద నల్లటి బురద. పార లోతుగా దిగితే అడుగున శుభ్రమైన ఎర్ర ఇసుక తగులుతుంది, ఎవరింటి గోడకో తోలించిందే. తట్ట బరువులో ఎక్కువ ఆ ఇసుకదే. ప్లాస్టిక్ తూకానికి పిసరంత. కానీ కల్వర్టు గొంతుకు అడ్డం పడేది అదే. ప్లాస్టిక్ గొంతు మూస్తే ఇసుక కడుపు నింపుతుంది.

తీసిన బురదను ఆరడానికి కాలువ గట్టునే కుప్పలు వేయడం రాష్ట్రమంతటా ఉన్న అలవాటు. తడి బురద బరువు, ఆరాక ఎత్తుకుపోతే సులువు అని దాని వెనక తర్కం. రెండు రోజుల్లో ట్రాక్టరు వస్తే సరే. రాకపోతే కుక్కలు, కోళ్లు కెలుకుతాయి, బండ్లు తొక్కుతాయి, వాన పడితే కుప్ప మొత్తం తిరిగి కాలువలోకి. ఒకే మట్టికి రెండుసార్లు కూలి. పూడికతీత బిల్లును తవ్విన మీటర్లతో కాకుండా ఊరవతల దించిన ట్రాక్టరు లోడ్లతో లెక్కగట్టాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇసుక కాలువంతా పరుచుకోకుండా ఒకచోట దిగేలా చేయడం పాత యుక్తి. కాలువ అడుగు కంటే రెండడుగులు లోతుగా అక్కడక్కడ గుంత కడతారు. నీరు అందులో పడి నెమ్మదిస్తుంది, ఇసుక దిగిపోతుంది, తేట ముందుకు పోతుంది. పూడికతీత అంటే ఆ గుంతలు ఖాళీ చేయడమే. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మొహెంజొదారో ఇటుక కాలువల్లో ఇలాంటి గుంతలు, పైన తీసి పెట్టుకునే ఇటుక మూతలు తవ్వకాల్లో బయటపడ్డాయి. మన కొత్త కాలువల్లో అవి అరుదు. ఆ గుంతకు ఎగువన ఒక ఇనుప జాలీ ఉంటే ప్లాస్టిక్ అక్కడ ఆగుతుంది. జాలీని వానరోజుల్లో పూటకోసారి దులపాలి. దులపని జాలీ కంటే జాలీ లేకపోవడమే మేలు.

కాలువ మీద మూత ఉండాలా వద్దా అన్నది తెగని వాదం. మూత ఉంటే పిల్లలు, పశువులు పడరు, చెత్త తక్కువ పడుతుంది, చూపుకు బాగుంటుంది. లోపల ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. పనివాళ్లు తక్కువ ఉన్న ఊళ్లో తెరిచిన కాలువే నయమనిపిస్తుంది. బడి దగ్గర, సంత దగ్గర, మలుపుల్లో ఎత్తగలిగే పలకలు వేస్తే సరిపోతుంది.

ఎవరి బాధ్యత, ఎవరి డబ్బు

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం (1994) గ్రామపంచాయతీ విధిగా చేయాల్సిన పనుల్లో కాలువలు కట్టడం, మురుగు వెళ్లగొట్టడం చేర్చింది. ఆత్మకూరు లాంటి పట్టణంలో అది పురపాలక సంఘం పని. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి చేసింది. చెరువులు, పంటకాలువల పూడిక 2006 నుంచి ఉపాధి హామీ కూలీల చేతుల మీదుగా చాలా జరిగింది. డబ్బు చాలినంత ఉందని ఏ సర్పంచీ అనడు, ఏ కాలంలోనూ అనలేదు. కానీ కొత్త కాలువకు శిలాఫలకం వేస్తారు, పాత కాలువ పూడిక తీస్తే వేయరు. తేడా అక్కడుంది.

చేతులు బురదలో పెట్టేది మాత్రం పారిశుధ్య కార్మికులు. పగిలిన సీసాలు, సూదులు, ఎలుకలు, పాములు, బురదలోంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం వాళ్ల వంతు. కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టి, మనుషుల చేత మలం ఎత్తించే పని మీద పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పోరాటాల వెంటే 2013 చట్టం వచ్చింది. మురుగు గొట్టాల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనిషిని దించడం నేరమైంది. అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. సైడు కాలువ మనిషి మునిగేంత లోతు ఉండదు. అయినా మరుగుదొడ్డి గొట్టాన్ని నేరుగా సైడు కాలువలోకి వదిలిన ఇళ్లున్న వీధిలో, ఆ కాలువలో పార పట్టిన మనిషి చేస్తున్నది ఏ పనో చెప్పనక్కరలేదు. బూట్లు, చేతి తొడుగులు ఇచ్చామంటే సరిపోదు, ఆ గొట్టాలు మూయించాలి.

దోమల మాట కూడా ఇక్కడే. డెంగీ దోమ మురికి కాలువలో పుట్టదు. దానికి తేట నీళ్లు కావాలి: తొట్టి, కొబ్బరిచిప్ప, పాత టైరు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే పేరుతో తొట్లు ఎండగట్టమంటారు. కాలువ మురుగులో పెరిగేది క్యూలెక్స్. బోదకాలు మోసేది అదే. కాలువ శుభ్రంగా ఉంది కనుక డెంగీ రాదనుకోవడం, డెంగీ వచ్చింది కనుక కాలువ మీద బ్లీచింగు చల్లడం, రెండూ గురి తప్పిన పనులే.

కాలువ దాకా రాకముందే

కాలువ మీద బరువు తగ్గించే దారి ఇంటి కప్పు మీదే ఉంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, ఒక ట్యాంకరు. ఆ నీటిని గొట్టంతో దొడ్లో ఇంకుడు గుంతకు పంపితే అంతమేర వీధికి తగ్గుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్టు చట్టం వాననీటి సంరక్షణను అడిగిందీ ఇందుకే. ఎర్ర నేలల్లో, గరప నేలల్లో గుంత బాగా తాగుతుంది, నల్లరేగడిలో తాగదు. గుంత అడుగున చేరిన మట్టిని ఏడాదికోసారి తీయకపోతే అదీ కాలువ దారే పడుతుంది. వాననీటి గుంతలోకి వంటింటి నీళ్లు వదలకూడదు. పక్కింటి బోరు ఎంత లోతో మనకు తెలియదు.

ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది, అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులూ కూడదు. సంచీలు కొంత తగ్గినా నిషేధంలో లేని షాంపూ ప్యాకెట్లు మాత్రం కాలువలోకి వస్తూనే ఉన్నాయి. చెత్తబండి రోజూ వచ్చే వీధిలో కాలువ పలచగా నిండుతుంది, రాని వీధిలో చిక్కగా. ఇది తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు, రెండు వీధులూ నడిస్తే చాలు.

మీ ఊరి కాలువను చూడదలిస్తే బజారులో కాదు, ఊరి చివర చూడండి. కాలువ తోక ఏ వాగులో, ఏ చెరువులో తేలిందో, అసలు తేలిందో లేదో కనుక్కోండి. ఆగస్టు 15 గ్రామసభలో ఆ చోటు పేరు చెప్పి పూడికతీత అడగండి. సెప్టెంబరులో పని జరిగే వీలుంటుంది. అక్టోబరు 2 దాకా ఆగితే వాయుగుండం ముందొస్తుంది.